కారం మిల్లులో డిగ్రీ చదువు

వరంగల్ వెళ్లొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా వీధిలో అందరిదీ ఒకటే ప్రశ్న. కోట చూశారా, వేయి స్తంభాల గుడి చూశారా, భద్రకాళమ్మను చూశారా? అబద్ధం ఎందుకు, అమ్మవారికి ఆటోలోంచే దణ్ణం పెట్టుకున్నాను. మిగతావేవీ చూళ్లేదు. నేను నాలుగు రోజులు చూసొచ్చింది ఒక రంగుల కొట్టం, ఒక మిరప చేను, ఒక కారం మిల్లు. "అదేం యాత్రండీ, మిరప చేలు మనకి లేవా?" అని పక్కింటావిడ మూతి తిప్పింది. లేకేం తల్లీ! నరసరావుపేటలో పుట్టి, మిరపకాయ గురించి ఇంకో ఊరివాళ్ల దగ్గర నేర్చుకోవాల్సిన ఖర్మ నాకేంటని నేనూ అనుకునే రైలెక్కాను.

నేను మా ఊరి ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్తాను. వరంగల్లో ఒక కాలేజీవాళ్లు బీఎస్సీ పిల్లలకి మూడో ఏడంతా పనిచోటే చదువు పెట్టారని, వారంలో నాలుగు రోజులు మిల్లులోనో షెడ్డులోనో పని, రెండు రోజులు క్లాసు అని మా ప్రిన్సిపాల్‌గారి చెవిన పడింది. "సుభద్రగారూ, మీరెళ్లి చూసి రండి. మనకి కుదురుతుందో లేదో మొహమాటం లేకుండా చెప్పండి" అన్నారు. మొహమాటం నా జాతకంలోనే లేదు. వెళ్లాను, చూశాను, కుదురుతుందని చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియాలంటే ఆ శుక్రవారం దాకా నాతో రావాలి.

డోర్నకల్‌లో ఎక్కిన పెద్దమనిషి

ఖమ్మం దాటాక బండి ఈడుస్తూ ఈడుస్తూ డోర్నకల్‌లో ఆగింది. నా ఎదురుసీట్లోకి ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. నీలం చొక్కా, చేతిలో టిఫిన్ డబ్బా. కూర్చోగానే మూత తీశాడు. జొన్నరొట్టె, టమాట తొక్కు. "తింటరా అమ్మా?" అన్నాడు. మా వైపు రైల్లో ఇలా అడిగితే వద్దనాలి, అడిగినవాళ్లు కూడా వద్దంటారనే అడుగుతారు. నేనూ అలవాటు ప్రకారం "వద్దండీ, ఇప్పుడే తిన్నాను" అన్నాను. ఆయన నా మాట వినిపించుకోలేదు. రొట్టె సగానికి తుంచి, తొక్కు పెట్టి చేతిలో పెట్టాడు. ఇంకేం చేస్తాను, తిన్నాను. రెండోది నేనే అడిగి తిన్నాను.

ఆయన పేరు వీరన్న. రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. నేను ఏ పనిమీద పోతున్నానో విని తెగ సంబరపడ్డాడు. "మంచి ముచ్చట చెప్పిన్రమ్మా. నేను చేరినప్పుడు మొదాల్ నా చేతికి పానా ఇయ్యలే. ఊకె బోల్టులు కిరసనాయిల్‌ల కడుగుమన్నరు. నాకు ఏడుపొచ్చేది. గని ఆ కడుగుడుతోనే ఏ బోల్టు ఏడ పడతదో చేతికి ఎర్కైంది" అన్నాడు.

"ఇప్పటి పిల్లలకి అంత ఓపిక ఎక్కడిదండీ?" అన్నాను, పాఠాలు చెప్పేవాళ్లందరూ అనే మాటే.

ఆయన ఒప్పుకోలేదు. "ఓపిక లేక కాదమ్మా, జాగ లేక. పోరగాండ్లు నేర్సుకుంట అనే అంటరు. రా బిడ్డా, నా మిషన్ మీద నేర్సుకో అనేటోడు ఏడున్నడు? ఖరాబైతదని భయం." నాకు కోపం రాలేదు గానీ, రైలు దిగేదాకా ఆ మాట నన్ను వదల్లేదు.

కాలేజీలో లావణ్య

వరంగల్ స్టేషన్ బయట టీ పది రూపాయలు. మా ఊళ్లోనూ అంతే, కాకపోతే ఇక్కడ గ్లాసు చిన్నది, టీ చిక్కన. ఆ కాలేజీలో ఈ చదువు వ్యవహారం చూసే శ్రీనివాస్ సార్ నన్ను తీసుకెళ్లడానికి బండేసుకుని వచ్చారు. బక్కపలచని మనిషి, నిద్రలేని కళ్లు. ఆయన సగం ఉద్యోగం పాఠం చెప్పడం, మిగతా సగం మిల్లుల గుమ్మాలెక్కి దిగడం.

"మగపిల్లగాండ్లకు జాగలు దొరికినయి మేడం. ఆడపిల్లలంటేనే తిప్పలు" అన్నారు. "మిల్లుల ఆడపిల్లా, ఏమన్న అయితే ఎవలది జిమ్మా అంటరు. ఏడాది తిరిగితే ఒక్క సేటు ఒప్పుకున్నడు. విశ్వనాథం సేటు. ఆయనది కారం మిల్లు. గదీ ఒక్క అమ్మాయినే, గదీ చూస్త అన్నడు, ఉంచుకుంట అనలే."

ఆ ఒక్క అమ్మాయి లావణ్య. శుక్రవారం నాడు మిల్లులో కొత్త పంట కారం మొదటిసారి ప్యాకెట్లకెక్కుతుంది. ఆ రోజు పని సాఫీగా సాగితే సేటు లావణ్యను ఏడాదంతా ఉంచుకుంటాడు, వెనక ఎదురుచూస్తున్న మరో ఇద్దరు ఆడపిల్లలకూ దారి దొరుకుతుంది. సాగకపోతే లావణ్య కాలేజీ లాబ్‌కి తిరిగొచ్చి రికార్డులు రాసుకుంటూ కూర్చోవాలి. మగపిల్లలు పనికి పోతుంటే చూస్తూ కూర్చోవాలి. ఆ ఇద్దరి సంగతి ఇంక చెప్పక్కర్లేదు.

పాపం బెంగపడి ఉంటుంది, ధైర్యం చెబుదామనుకున్నాను. నా ధైర్యం ఎవరిక్కావాలి! సన్నగా, చురుగ్గా, మెడలో స్కార్ఫుతో ఒక పిల్ల వచ్చి నమస్తే పెట్టి, "మేడం, మీది గుంటూరు దిక్కట గద. మా చపాట మిర్చి చూసిన్రా?" అంది.

"చూశానమ్మా. టమాటా పండులా బొద్దుగా ఉంటుంది. మంట లేని మిరపకాయ మిరపకాయెట్లా అవుతుందో నాకు అర్థం కాదు" అన్నాను.

"రంగు కోసం మేడం. మంట అన్ని తాన దొరుకుతది" అంది ఆ పిల్ల, కన్నార్పకుండా. శ్రీనివాస్ సార్ కిటికీలోంచి బయటికి చూశారు. నాకు ఆ పిల్ల ఆ క్షణమే నచ్చింది.

కొత్తవాడ

మర్నాడు సార్ నన్ను కొత్తవాడ తీసుకెళ్లారు. కెమిస్ట్రీ పిల్లలు ఇక్కడ నేలమీద పరిచే దరీల నూలుకు రంగులద్దే చోట పని నేర్చుకుంటారు. సందులో అడుగు పెట్టగానే మగ్గం చప్పుడు, గోడలనిండా ఎరుపు, నీలం నూలు ఆరేసి ఉంది. రంగుల కొట్టం సమ్మక్కది. ఆవిడ చేతులు మోచేతుల దాకా నీలం.

"ఈ పిల్లలు వచ్చినంక నా నీళ్లు గిలాసల పోసి మందు చుక్కలు ఏసి చూస్తాండ్రు" అంది సమ్మక్క. "గట్టి నీళ్లట, సున్నం ఎక్కువున్నదట. అందుకే రంగు అంటుకుంటలేదట. నేనేమో రంగు అమ్మినోన్ని ఇన్నేండ్లు తిడితి."

"మరి వాళ్లు మీ దగ్గర ఏం నేర్చుకున్నారు?"

"పొద్దుగాల లేవుడు" అంది. పక్కనున్న కుర్రాళ్లిద్దరూ పగలబడి నవ్వారు.

ఒక దరీ నచ్చి బేరానికి దిగాను. మా ఊళ్లో బేరమంటే సగం నుంచి మొదలుపెట్టాలి. పన్నెండు వందలంటే ఆరొందలన్నాను. సమ్మక్క ఆ మాట విననట్టే చాయ్ తెప్పించింది. తాగాను. ఇంటి ముచ్చట్లు అడిగింది, చెప్పాను. మళ్లీ ఆరొందలన్నాను. ఇంకో చాయ్ వచ్చింది. మనిషి ఇంట్లో రెండు చాయ్‌లు తాగి సగం ధర అడగడానికి నాకు నోరెట్లా వస్తుంది? వెయ్యిచ్చి దరీ చంకన పెట్టుకుని బయటికొచ్చాను. బేరమాడటంలో నన్ను గెలిచిన మనిషి మా జిల్లాలో లేదు, ఇక్కడ చాయ్ పోసి గెలిచేశారు.

పరకాల దారిలో మిరప చేను

గురువారం లావణ్యకు సెలవు. "మా ఇంటికి రాండ్రి మేడం, మా అమ్మ సర్వపిండి చేస్తనన్నది" అని లాక్కుపోయింది. పరకాల బస్సు దిగి, అక్కణ్ణుంచి ఆటోలో కొంత దూరం. ఆటోలో మేము పదిమందిమి. పదకొండో మనిషి ఎక్కుతానంటే డ్రైవరు "జర సర్దుకోండ్రి" అన్నాడు, అందరూ నిజంగానే సర్దుకున్నారు.

లావణ్య వాళ్లమ్మ ఎల్లమ్మ చేలో కాయ తెంపుతోంది. నలుగురు ఆడవాళ్లు వరసగా వంగి, మాట్లాడుకుంటూనే చకచకా కోస్తున్నారు. నేనూ కొంగు దోపి దిగాను. మాది పల్నాడు కదా, నాకు రాకపోవడమేమిటి! ఓ గంప సగమైంది. చెమట కారి కంట్లో పడింది. చెయ్యి ఎత్తి శుభ్రంగా కన్ను తుడుచుకున్నాను.

ఓరి నాయనో! చచ్చాను! చేలో ఎగిరాను. నలుగురూ పని ఆపేసి నవ్వుతున్నారు, ఎల్లమ్మ మాత్రం బిందె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "ఏంది మేడమ్మా, మిర్చి దేశం నుంచి వచ్చి గిట్ల చేస్తిరి" అంటూ కళ్ల నిండా నీళ్లు కొట్టింది. నేనూ నవ్వాను, ఒంటి కంటితో.

ఇంటికొచ్చాక గిన్నెకు వత్తి కాల్చిన వేడివేడి సర్వపిండి పెట్టింది. పచ్చిపులుసు పోసి అన్నం పెట్టింది. మా ఇళ్లల్లో పచ్చిపులుసు కూరలేవీ లేనినాడు చేసుకునేది, ఇక్కడ చుట్టం వస్తే ముందు అదే. నా కన్ను ఇంకా ఎర్రగానే ఉంది. లావణ్య నా ముందు కూర్చుని అంది. "మేడం, మా మిషన్ కన్నుకు రోజూ గిదే బాధ ఉండె."

అప్పుడు వివరంగా చెప్పింది. కారం ప్యాకెట్లు చేసే మిషన్‌లో అచ్చేసిన ప్లాస్టిక్ చుట్ట గిర్రున తిరుగుతూ వస్తుంది. ప్రతి ప్యాకెట్ చివర ఒక నల్లటి గీత ఉంటుంది. ఆ గీతను చూసే చిన్న ఎలక్ట్రానిక్ కన్ను ఒకటి మిషన్‌కుంది. కన్ను గీతను చూసినప్పుడే కత్తి కోస్తుంది. మిల్లంతా కారం దుమ్ము. దుమ్ము కన్ను మీద పడితే గీత కనపడదు, కత్తి ఎక్కడపడితే అక్కడ కోస్తుంది. సేటు మిల్లు పేరు సగం ఒక ప్యాకెట్ మీద, సగం ఇంకో ప్యాకెట్ మీద పడుతుంది. అట్లాంటివన్నీ చెత్తబుట్టకే.

"నేను సన్నటి పైపు పెట్టిన మేడం. మిషన్‌కు ఎట్లాగూ గాలి వస్తది గద, ఆ గాలి కొంచెం కన్ను మీదికి ఊదేటట్టు చేసిన. దుమ్ము వాలనే వాలదు. పదిరోజుల సంది మంచిగ నడుస్తాంది. గని సేటు నమ్ముతలేడు. పాత సరుకు కాబట్టి నడిచింది, కొత్త పంట దుమ్ముకు ఆగదు అంటాండు."

"ఆగకపోతే?" అన్నాను.

ఎల్లమ్మే జవాబు చెప్పింది. "ఆగకపోతే ఏమున్నది మేడమ్మా, కాలేజీల కూసుంటది. పొద్దంతా ముఖం మాడ్చుకొని ఇంటికొస్తది. మిల్లుకు పోవుడు మొదలైన సంది ఈ పిల్ల ఇంట్ల పాట పాడుకుంట తిరుగుతాంది. గదే నాకు కావాలె." చెప్పి, నా పళ్లెంలో ఇంకో ముక్క వేసింది.

శుక్రవారం, మిల్లులో పూజ

మిల్లులోకి అడుగు పెట్టగానే తుమ్ములు. ఏడెనిమిది తుమ్మాక ముక్కు అలవాటు పడింది. విశ్వనాథం సేటు గద్దె మీద కూర్చుని ఉన్నారు. తెల్ల లుంగీ, తెల్ల బనీను, కారం మిల్లులో అంత తెల్లగా ఎట్లా ఉంటారో ఆయనకే తెలియాలి. "రాండ్రి మేడం. ఇయ్యాల మీ పిల్ల పైపు ఇక్మతు ఎట్ల నడుస్తదో చూద్దాం" అన్నారు. మర్యాదగానే అన్నారు, కానీ ఇప్పటికే తీర్పు రాసిపెట్టుకున్నట్టుంది ఆ గొంతు. బయట ఆటో ట్రాలీ నిలబడి ఉంది, మొదటి సరుకు మధ్యాహ్నానికి హన్మకొండ దుకాణాలకు పోవాలి.

కొత్త పంట మొదలుపెట్టే రోజు ఇక్కడ మిషన్లన్నిటికీ పూజ. మా వైపూ చేస్తారు గానీ మిషన్‌కి ఒక బొట్టు పెట్టి ఊరుకుంటారు. ఇక్కడ అట్లా కాదు. మోటారుకు వేరే, బెల్టుకు వేరే, కాటాకు వేరే. ప్రతి భాగానికీ పసుపు రాసి కుంకుమ పెట్టాల్సిందే. ఈ పని సేటుగారి తల్లిది. మిల్లంతా ఆమెను పెద్దమ్మ అంటారు. నన్ను చూడగానే ఆమె ముఖం విప్పారింది. "దూరం నుంచి వచ్చిన ముత్తైదువవు. నా నడుము వంగదు. నువ్వు పెట్టు బిడ్డా" అని పళ్లెం నా చేతికిచ్చింది.

లావణ్య, మిషన్ నడిపే కొమురయ్య ఇద్దరూ కొత్త ప్లాస్టిక్ చుట్ట తేవడానికి గోదాములోకి వెళ్లారు. శ్రీనివాస్ సార్ కొబ్బరికాయ పీచు తీస్తున్నారు. నేను పళ్లెం పట్టుకుని బయల్దేరాను. మోటారుకు పెట్టాను, కారం పోసే డబ్బాకు పెట్టాను, స్విచ్చుల పెట్టెకు పెట్టాను. ప్యాకెట్లు చేసే మిషన్ పక్కన చిన్న గుండ్రటిది, నున్నగా మెరుస్తూ కనపడింది. ఎంత ముద్దుగా ఉందో అనుకుని దానికీ వేలితో పసుపు రాసి, మధ్యలో ఇంత కుంకుమ నిండుగా అద్దాను. క్లాసులో అలాంటి కళ్ల గురించి బోర్డు నిండా బొమ్మలేసి పాఠం చెప్పేదాన్నే. కానీ చేతికి పళ్లెం వచ్చాక నేను లెక్చరర్ని కాదు, పేరంటాలిని.

కొబ్బరికాయ కొట్టారు. హారతి తీసుకున్నాం. కొమురయ్య మిషన్ ఆన్ చేశాడు.

మొదటి ప్యాకెట్ వచ్చింది. కింది సగం మీద మిల్లు పేరు, పై సగం ఖాళీ. రెండోదీ అంతే. మూడోదానికి పేరు నడుముకు తెగింది. కొమురయ్య బటన్ తిప్పాడు, నాలుగోది ఇంకా అధ్వాన్నం. సేటు గద్దె దిగి వచ్చారు. ఒక ప్యాకెట్ ఎత్తి చూసి, వంగి మిషన్ పక్కకు చూశారు.

"చూసినవా?" అన్నారు. "కన్ను మీద ఎర్రగ. గదే కారం. నేను చెప్పలే, కొత్త పంటకు ఆగదని? బంద్ పెట్టు కొమురయ్యా. పాత తీరుగనే పోరగాన్ని కూసోబెట్టి గుడ్డతోని తుడిపిద్దాం. సార్, మీ పిల్లను తీస్కపోండ్రి. మంచి పిల్లనే, కాదంటలే. గని నాకు యాపారం."

శ్రీనివాస్ సార్ చేతిలో కొబ్బరిచిప్ప కింద పెట్టేశారు. లావణ్య మాత్రం మిషన్ దగ్గరికి వెళ్లి, వంగి, చూపుడువేలితో ఆ ఎరుపు కొంచెం తీసి నాలుక మీద పెట్టుకుంది.

"సేటూ, ఇది మండుతలేదు. కారం కాదు" అంది.

సేటు నవ్వారు. "ఆడరాక మద్దెల ఓటిదన్నట్టు చెప్పకు బిడ్డా. ఇయ్యాల పట్టింది చపాట. చపాట మండుతదా?"

నిజమే, ఆ మిరపకాయ మండదు. నేనే మొన్న దాన్ని వెక్కిరించి ఉన్నాను. లావణ్య మళ్లీ వంగి, ఈసారి గోటితో ఆ ఎరుపును మెల్లగా పక్కకు జరిపింది. కింద పచ్చగా కనపడింది.

"కారం కింద పసుపు ఎందుకుంటది సేటూ?" అంది.

అప్పుడు వెలిగింది నా బుర్రకి. నా చేతిలో పళ్లెం ఇంకా అట్లాగే ఉంది. "అయ్యో నా మతి మండా! అది నేను పెట్టిన బొట్టండీ!" అని గట్టిగా అరిచాను. "కారం కాదు, కుంకుమ. నేనే పెట్టాను, ఈ చేత్తోనే. ఆ పిల్ల తప్పు ఇసుమంత లేదు."

కొమురయ్య స్విచ్చుల పెట్టె వెనక్కి తిరిగి నవ్వుకున్నాడు. లావణ్య అయితే "మేడం, మీరు ఎలక్ట్రానిక్స్ మేడమే గద?" అంది. అనకుండా ఉంటుందా! అనాల్సిందే. నేను పడాల్సిందే.

"సరే, తుడువు మరి" అన్నారు సేటు. లావణ్య గుడ్డ తీసింది. ఇంతలో పెద్దమ్మ అడ్డమొచ్చింది.

"ఆగు! శుక్రవారం పూట, పూజ చేసిన బొట్టు చెరుపుతరా ఎవలన్న? కొత్త పంట నాడు? పొద్దు గూకినంక చూద్దాం."

అంతే, మిల్లు మొత్తం ఆగిపోయింది. సేటు తల్లి మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. బయట ట్రాలీ డ్రైవరు హారన్ కొట్టాడు. పొద్దు గూకేదాకా ఆగితే సరుకు పోదు, సరుకు పోకపోతే పని చెడినట్టే, ఎవరి వల్ల చెడిందని దుకాణాలవాళ్లు అడగరు. నేను పెద్దమ్మ చేతులు పట్టుకుని బతిమాలదామనుకున్నాను. శ్రీనివాస్ సార్ తిథి, వర్జ్యం ఏవో లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

లావణ్య బతిమాల్లేదు, వాదించలేదు. వచ్చి పెద్దమ్మ పక్కన నిలబడింది. "పెద్దమ్మా, నీ నుదుట బొట్టు పెట్టబోయి ఎవలన్న కంట్ల పెడితే ఏం చేస్తవు?"

"కడుక్కుంట. మల్ల నుదుట పెట్టుకుంట."

"ఇది మిషన్ కన్ను పెద్దమ్మా. మేడం చూడక కంట్ల పెట్టింది. పాపం, దానికి ఏం కనపడ్తలేదు."

పెద్దమ్మ కొంగు సర్దుకుని మిషన్ దగ్గరికొచ్చింది. వంగని నడుము వంచి మరీ చూసింది. చాలాసేపు చూసింది. ఆఖరికి, "మరి దీని నుదురు ఏది? ముందు గది చూపియ్యి" అంది.

లావణ్య కన్నుకు పైన, దాన్ని పట్టి ఉంచిన ఇనుప పట్టీ చూపించింది. "ఇగో, ఇక్కడ."

"ముందు అక్కడ పెట్టు. పెట్టినంకనే ఇది కడుగు. నుదురు ఉత్తగ ఉండొద్దు."

లావణ్య నా చేతిలోని పళ్లెం తీసుకుంది. నాకివ్వలేదు, మంచిపని చేసింది. పట్టీకి పసుపు రాసి, బొట్టు పెట్టి, పెద్దమ్మ సరేనని తల ఊపాక, తడిగుడ్డతో కన్ను తుడిచింది. ఆ తర్వాత పొడి గుడ్డతో. గాలి పైపు ఊదుతోందో లేదో చెంపకు ఆనించి చూసుకుంది.

కొమురయ్య మళ్లీ ఆన్ చేశాడు. మొదటి ప్యాకెట్ మళ్లీ పేరు మధ్యలో తెగింది, అది ఇందాక తప్పుగా కోసిన కొస. రెండోది కొంచెం పక్కకు. మూడో ప్యాకెట్ మీద మిల్లు పేరు నిండుగా, ఈ చివర నుంచి ఆ చివర దాకా. నాలుగోదీ అంతే. నేను చప్పట్లు కొట్టబోయాను, శ్రీనివాస్ సార్ వారించారు. సేటు గద్దె ఎక్కలేదు. కొత్త సరుకు బస్తా మీద బస్తా పోయించి, మిల్లంతా ఎర్రటి పొగలా దుమ్ము లేచేదాకా నడిపించారు. మేమందరం దగ్గుతున్నాం. ప్యాకెట్లు మాత్రం ఒక్కటీ తప్పలేదు. మధ్యమధ్య ఆయనే వంగి కన్ను చూసుకున్నారు. దాని మీద నలుసంత దుమ్ము వాలలేదు.

ట్రాలీ నిండింది, బయల్దేరింది. అప్పుడు ఎక్కారు గద్దె. మాకందరికీ సోడా తెప్పించారు. మెచ్చుకోలు మాట ఒక్కటి రాలేదు ఆ నోట్లోంచి. నాకు ఒళ్లు మండిపోతోంది. ఏం మనిషండీ, బాగుందమ్మా అంటే ముత్యాలు రాలతాయా?

శ్రీనివాస్ సార్ గొంతు సవరించుకున్నారు. "సేటూ, మరి ఏమంటరు?"

"ఏమంట?" అన్నారు సేటు విసుగ్గా. "ఈ పిల్లకు ముందల పరీక్షలున్నయట గద. గప్పుడు నా మిషన్ ఎవలు చూడాలె? గా ముచ్చట చెప్పుండ్రి ముందు."

సార్‌కి అర్థం కాలేదు. "అంటే, సెలవు..."

"సెలవు నేనియ్య. ఇంకిద్దరు ఆడపిల్లలున్నరంటిరి గద. సోమారం నుంచి వాళ్లను గూడ పంపుండ్రి. ఈ పిల్ల నేర్పుతది. ముగ్గురికి ఒక్కపారే పరీక్షలు పెట్టకుండ్రి, గంతే."

"పరీక్షలు యూనివర్సిటీ పెడతది సేటూ, అది మన చేతిల..." అని సార్ మొదలుపెట్టారో లేదో, పక్కనే ఉన్న నేను ఆయన కాలు గట్టిగా తొక్కాను.

"అట్లనే సేటూ" అన్నారు సార్, కళ్లల్లో నీళ్లతో. అవి నేను తొక్కినందుకో, సంతోషానికో అడగలేదు. నా కళ్లల్లోవి మాత్రం సంతోషానివే.

లావణ్య అప్పటికే గుమ్మం బయట ఫోన్ చెవిన పెట్టుకుని ఉంది. "ఏయ్ రజితా, సోమారం పొద్దుగాల తయారుండు. సరితకు గూడ చెప్పు. ఇద్దరూ తెల్ల డ్రెస్సు ఏస్కరాకుండ్రి, ఎర్రగైతది."